బాలప్రహ్లాదుడికి కూలి ఎంత?

(విశాఖపట్నంలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటినుంచీ బాలకార్మికుల గురించి మాట్లాడుకుంటున్నాం. చేపల రేవు దగ్గర రొయ్యలు ఒలిచే పిల్లలు, హోటళ్ళలో బల్లలు తుడిచే పిల్లలు, గాజువాక నుంచి మధురవాడ దాకా అపార్టుమెంట్లలో అంట్లు తోమే ఆడపిల్లలు. వీళ్ళ విషయంలో మన మధ్య పెద్దగా భేదాభిప్రాయం లేదు. నేను మాట్లాడబోయే పిల్లల విషయంలో మాత్రం తప్పకుండా ఉంటుంది. ఎందుకంటే వీళ్ళు పనిచేస్తూ ఉంటే మనమే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాం.

పౌరాణిక నాటకాల్లో ప్రహ్లాదుడు, బాలకృష్ణుడు, లవకుశులు, లోహితాస్యుడు వేషాలు వేసి పద్యాలు, పాటలు పాడే పిల్లల సంగతి నేను చెప్పదలచుకున్నది.

వేసవిలో మన చుట్టుపక్కల ఏ ఊరి అమ్మవారి పండగకైనా వెళ్ళండి. నాటకం తొమ్మిది, పది గంటలకి మొదలై తెల్లవారుజాము దాకా సాగుతుంది. హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుణ్ణి పాము కరిచేది కథ సగం దాటాక. ఆ వేషం వేసిన పిల్ల అప్పటిదాకా తెర వెనక ట్రంకుపెట్టెల మధ్య నిద్రపోతూ ఉంటుంది. ఏ ఒంటిగంటకో లేపి, మొహం తుడిచి, మళ్ళీ రంగు పూసి పంపుతారు. పాట పాడుతుంది, పడిపోతుంది. తర్వాత కాటిసీను. హరిశ్చంద్రుడు ఒక్కొక్క పద్యం రాగం తీసి పాడుతూ ఉంటే, జనం 'వన్స్‌మోర్' అంటూ ఉంటే, ఆ పిల్ల శవంలా కదలకుండా పడుకోవాలి. దోమ కుట్టినా కదలకూడదు. కదిలితే జనం నవ్వుతారు, నాటకం పోతుంది. పెద్ద నటుడికి వచ్చే ప్రతి వన్స్‌మోరూ ఆ పిల్ల పనిగంటల్లో కలుస్తుందని మనలో ఎవరమైనా ఎప్పుడైనా లెక్కవేశామా?

ఇక ప్రహ్లాదుడి వేషమైతే నాటకం మొత్తం ఆ బిడ్డ గొంతు మీదే నడుస్తుంది. తండ్రి కత్తి దూస్తాడు, ఏనుగు వస్తుంది, పాములు వస్తాయి, విషం వస్తుంది, కొండమీదనుంచి తోస్తారు. ప్రతిసారీ పాట అందుకోవాలి. మధ్యలో ఎవరో వేదికెక్కి ఆ బిడ్డ చొక్కాకి నోటు పిన్నుతో గుచ్చుతారు. ఫలానా వారు నూటపదహార్లు చదివించారని మైకులో చెబుతారు. ఆ నోట్లు చివరికి ఎవరి చేతికి చేరతాయో కనుక్కోండి. నేను అడిగిన చోటల్లా నవ్వి ఊరుకున్నారు. "పిల్లకి డబ్బెందుకమ్మా, బిస్కెట్లు కొనిపెట్టాం కదా" అన్న పెద్దమనిషి కూడా ఉన్నాడు.

ఇందాక ఒక సోదరి అడిగారు, మనం కళని కూడా నిషేధించమని అడుగుతున్నామా అని. లేదు. అందుకే సురభి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ కుటుంబాల ముందు నిలబడి మాట్లాడలేని మాట మనం ఇక్కడ మాట్లాడకూడదు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం కీచకవధ నాటకం ఆడటంతో సురభి మొదలైంది. అంతకుముందు వాళ్ళు తోలుబొమ్మలాట ఆడుతూ తిరిగిన, మరాఠీ మూలాలున్న కుటుంబాలు. డేరా వేసుకుని ఊరూరా తిరగడం, ఆ డేరా వెనకే వంట, ఆ వెనకే కాపురం. అక్కడ బిడ్డకి నడక, మాట, వేషం వేరువేరుగా రావు. మిగతా నాటక సమాజాల్లో మగవాళ్ళు ఆడవేషాలు వేస్తున్న కాలంలో సురభిలో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. స్థానం నరసింహారావు గారి సత్యభామని లోకమంతా మెచ్చుకుంది, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మంచిదే. కానీ ఆడది వేదికెక్కితే పరువు తక్కువ అనుకున్న ఆ రోజుల్లోనే సురభి స్త్రీలు కుటుంబాలతో సహా వేదిక మీద నిలబడ్డారన్నది స్త్రీల చరిత్రలో చిన్న విషయం కాదు.

సురభి కమలాబాయి గారినే తీసుకోండి. తల్లి నాటకం ఆడుతూ ఉండగా రంగస్థలం మీదే పుట్టిందని చెబుతారు. చిన్నతనంలోనే కృష్ణుడు, ప్రహ్లాదుడు, లవుడు వేషాలు వేసింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి నాటకం ఆధారంగా హెచ్.ఎం.రెడ్డి తీసిన మొదటి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' 1932లో వచ్చినప్పుడు అందులో లీలావతి ఆవిడే. ప్రహ్లాదుడుగా పాడిన పిల్ల పెద్దదై ప్రహ్లాదుడి తల్లిగా పాడింది. ఇలా ఎదిగే దారి ఆ కుటుంబాల్లో ఉంది కాబట్టే, పిల్లల్ని వేదికనుంచి దింపమంటే మా విద్యని చంపమంటున్నారా అని వాళ్ళు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే.

అయితే ఆ డేరాతోపాటు తిరిగిన పిల్లల్లో ఎంతమంది బడి మొహం చూశారు అన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. నెలకో ఊరు మారితే ఏ బడిలో చేర్చుకుంటారు? 2009 విద్యాహక్కు చట్టం వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థల మీద పెట్టింది. కాబట్టి ఇది తల్లిదండ్రుల నేరం అని తేల్చేసి మనం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ఊరికి నాటకం వచ్చిందంటే గ్రౌండు అద్దె వసూలు చేసుకునే మునిసిపాలిటీ, ఆ డేరాలో బడీడు పిల్లలు ఎంతమంది అని ఎందుకు అడగదు?

సినిమాకీ వేదికకీ ఒక తేడా ఉంది. 1963 'లవకుశ'లో తెరమీద కనిపించేది ఇద్దరు మగపిల్లలు. వినిపించేది పి.సుశీల, పి.లీల గొంతులు. సుశీల గారు మన పక్క విజయనగరం ఆడపడుచే. 1967 'భక్తప్రహ్లాద'లో వేషం చిన్నారి రోజారమణిది, పాట ఎస్.జానకిది. అంటే సినిమా పసిగొంతు మీది భారాన్ని తీసి, శిక్షణ పొందిన పెద్దవాళ్ళ గొంతుల మీద పెట్టింది. వేదిక మీద ఆ వెసులుబాటు లేదు. పైగా ఇప్పుడు జనం కోరేది ఆ సినిమా పాటలే. నిండు గొంతుతో స్టూడియోలో పాడిన పాటని ఎనిమిదేళ్ళ పిల్ల హార్మోనిస్టు పెట్టిన శ్రుతిలో, రాత్రి పన్నెండు దాటాక, బొంగురుపోయిన గొంతుతో అందుకోవాలి. అందుకోలేకపోతే తెర వెనక ఏమవుతుందో ఆ పిల్లలకే తెలుసు.

మగపిల్లలకైతే గొంతు మారే వయసు వస్తుంది. మన పక్క తమిళనాడులో పూర్వం 'బాయ్స్ కంపెనీ' అని పిల్లలతోనే నడిచే నాటక సమాజాలు ఉండేవి. ఎం.జి.రామచంద్రన్ అలాంటి కంపెనీలోనే చిన్నప్పుడు చేరాడు. పేదరికం వల్ల తిండి పెడితే చాలని పిల్లల్ని అప్పగించిన కుటుంబాలు ఎన్నో. గొంతు మారగానే నిన్నటి కథానాయకుడు తెరలు లాగే కుర్రాడవుతాడు. పేరు తెచ్చుకున్న నలుగురి జీవితకథలు మనకి దొరుకుతాయి. తెరలు లాగినవాళ్ళవి దొరకవు.

ఆడపిల్లకి గొంతు మారకముందే మరొకటి మారుతుంది. పదకొండేళ్ళ దాకా మా అమ్మాయి బాలకృష్ణుడు వేసిందని ఫోటోలు చూపించే మధ్యతరగతి కుటుంబమే, పిల్ల పెద్దమనిషి కాగానే "ఇక చాలు" అంటుంది. ఉక్కునగరంలోనూ పోర్టు క్వార్టర్సులోనూ వేసవి శిబిరాల్లో పాడిన పిల్లల్లో ఆ తర్వాత వేదిక మీద మిగిలినవాళ్ళెందరో మీరే లెక్కపెట్టుకోండి. కలాభారతిలో అంతమంది చేత చప్పట్లు కొట్టించుకున్న గొంతు ఒక్క ఏడాదిలో వంటింటి గొంతైపోతుంది. పేద కుటుంబాల్లో దీనికి తలకిందులు. పెద్దమనిషి కాగానే ఆ పిల్లకి బేరం పెరుగుతుంది. నాటకం పోయి రికార్డింగ్ డాన్సు వస్తుంది. పాడటం రాని పిల్లకన్నా పాడటం వచ్చిన పిల్లని ఆ మేళాలవాళ్ళు ముందు అడుగుతారు. ఒకరి పరువు కోసం ఆపడం, ఇంకొకరి ఆకలి కోసం తొయ్యడం. రెండు చోట్లా పాట ఆ పిల్లదే, నిర్ణయం మాత్రం ఆ పిల్లది కాదు. పూర్వం కళావంతుల ఇళ్ళలో పసితనంలోనే సంగీతం నేర్పేవాళ్ళు. వాళ్ళ విద్యకి చప్పట్లు కొట్టిన సమాజమే వాళ్ళని వెలివేసింది. ఆ కథ పూర్తిగా పాతబడిందని నేననుకోను.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1986 బాలకార్మిక చట్టానికి 2016లో సవరణ వచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో ఏ పనీ చేయించకూడదన్నారు, రెండు మినహాయింపులతో. ఒకటి కుటుంబ వృత్తిలో సాయం, రెండోది కళాకారులుగా వినోద రంగంలో పని. సర్కస్ ఒక్కటి కూడదు. పిల్లల్ని సర్కసుల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. 2017లో నియమాలు వచ్చాయి. బాల కళాకారుల చేత రోజుకి 5 గంటలకి మించి, విశ్రాంతి లేకుండా 3 గంటలకి మించి పని చేయించకూడదు. జిల్లా మేజిస్ట్రేటు, అంటే మన కలెక్టరు, అనుమతి కావాలి. వరసగా 27 రోజులకి మించకూడదు. చదువు ఆగకూడదు. అయిదుగురు పిల్లలకి ఒక బాధ్యుడు ఉండాలి. బిడ్డ ఇష్టానికి వ్యతిరేకంగా చేయించకూడదు. బిడ్డ సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో బిడ్డ పేర ఫిక్సెడ్ డిపాజిట్ వెయ్యాలి.

వినడానికి బాగుంది. కానీ నియమాల్లో సినిమా, టీవీ, రేడియో అని వరసగా రాసినవాళ్ళు వేదిక మీది నాటకాన్ని పేరుపెట్టి రాయలేదు. 'నటులు, గాయకులు' అన్న చట్టంలోని మాటని పట్టుకుని మనం వాదించుకోవాల్సిందే. ఇంకో సంగతి. కుటుంబ వృత్తిలో సాయం చేసే పిల్లలకి రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా పని చెప్పకూడదని ఉంది. కళాకారుల నియమంలో గంటల లెక్క ఉంది గాని రాత్రి మాట లేదు. నాటకం నడిచేదే రాత్రి! డబ్బు కోసం వీధిలో చేసే ప్రదర్శనల్ని మాత్రం కళ కిందికి రాకుండా తీసేశారు. గురజాడ కళాక్షేత్రంలో పాడిన పిల్ల కళాకారిణి, రైల్వేస్టేషను బయట డోలక్కుతో అదే పాట పాడిన పిల్ల చట్టం కంటికి వేరే మనిషి. ఈ గీత ఎవరి కులం, ఎవరి ఆస్తి చూసి గీశారో నేను మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇతర దేశాల్లో సంగీత నాటకాలు పెద్ద వ్యాపారం. అక్కడి పిల్లలు సుఖంగా ఉన్నారని నేననను. అమెరికాలో 1921లో చాప్లిన్ సినిమా 'ది కిడ్'లో నటించిన జాకీ కూగన్ పెద్దయ్యాక చూసుకుంటే సంపాదనంతా తల్లీ, మారుతండ్రీ ఖర్చు పెట్టేశారు. కోర్టుకెక్కాడు. ఆ గొడవలోంచే కాలిఫోర్నియాలో 1939లో బాలనటుల డబ్బుకి రక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడక్కడ 15 శాతం విడిగా దాచాలి. లండన్‌లో 2011లో 'మటిల్డా' అనే సంగీత నాటకం పెట్టినప్పుడు ఆ ఒక్క వేషానికి నలుగురు ఆడపిల్లల్ని తీసుకున్నారు, వంతులవారీగా. 2012లో ఆలివియర్ ఉత్తమ నటి బహుమతి నలుగురికీ కలిపి ఇచ్చారు. అంటే ఒక బిడ్డకి జ్వరం వస్తే నాటకం ఆగదు, జ్వరంతో పాడనక్కర్లేదు. దీనికి కోట్లేమీ అక్కర్లేదు. మన నాటక సమాజాలు కూడా ఒక ప్రహ్లాదుడికి ఇద్దర్ని తయారుచేసుకోవచ్చు. ఇద్దరికి విద్య వస్తుంది కూడా.

తల్లుల సంగతి చెప్పకపోతే ఈ సభలో మాట్లాడినట్టు కాదు. వేషం వేసే బిడ్డ వెనక రాత్రంతా మేలుకుని ఉండేది తల్లి. దుస్తులు కుట్టేది, పద్యం వప్పజెప్పించేది, ఆకలేస్తే అన్నం కలిపి పెట్టేది, మేకప్ గదిలో చూపు తిప్పుకోకుండా కాపలా కాసేది ఆవిడే. పారితోషికం మాట్లాడుకునేది తండ్రి. ఆ కాపలా ఎందుకో మనకి తెలుసు. మగా ఆడా పెద్దా పిన్నా అందరూ ఒకే తడిక వెనక బట్టలు మార్చుకునే చోట్లు ఇంకా ఉన్నాయి. 2012 పోక్సో చట్టం ఆ తడిక వెనకకి కూడా వర్తిస్తుంది. ఆ మాట కాంట్రాక్టర్లకి చెప్పినవాళ్ళెవరూ లేరు.

ఇక్కడున్న సంఘాలు ఈ వేసవి పండగలకి ముందే కొన్ని పనులు చెయ్యొచ్చు. కలెక్టరాఫీసుకి వెళ్ళి, 2017 తర్వాత మన జిల్లాలో ఎన్ని నాటకాలకి బాలకళాకారుల అనుమతి అడిగారో సమాచార హక్కు కింద రాబట్టాలి. పండగ కమిటీలతో మాట్లాడి పిల్లల సీన్లున్న నాటకాన్ని ముందు పెట్టమనాలి. సోలో భజన కార్యక్రమం తర్వాత పెట్టుకుంటే దేవుడేమీ అలగడు. పిల్లల వేషాలకి విడి గది, ఒక ఆడమనిషి కాపలా ఉండాలని కాంట్రాక్టు కాగితంలోనే రాయించాలి. చదివింపుల డబ్బుకి వేదిక మీదే డబ్బా పెట్టి, పిల్ల పేరు రాసి, అందరి ముందూ లెక్కచెప్పాలి. నాటక సమాజాల్ని శత్రువుల్లా చూడకుండా, సురభి కుటుంబాల స్త్రీలని పిలిచి ముందు వాళ్ళ మాట వినాలి. వేషాలు వేసి పెరిగినవాళ్ళు వాళ్ళు. వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు.

నియమాల్లో ఉన్న హామీపత్రం తెలుగు చేసి నలభై కాపీలు తెచ్చాను. భోజనాలయ్యాక మండలాలవారీగా కూర్చుని, ఎవరి ఊళ్ళో ఏ పండగ ఎప్పుడో రాసుకుందాం.