మనసు మందులు – కంటి జాగ్రత్తలు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన ఇళ్లల్లో మనసు జబ్బుకు మందులు వాడేవాళ్లు ఉన్నారు. బయటికి చెప్పుకోం గానీ, ఆ మాత్ర చేతిలో పెట్టి మింగించేది మనమే. అందుకే ఈ సంగతి మనకు తెలియాలి.

చెవిలో మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు తగ్గడానికి ఇచ్చే మందుల వల్ల చాలా అరుదుగా చూపుకు ముప్పు వస్తుంది. థయోరిడజిన్ అనే పాత మందు రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కంటి లోపలి పొర దెబ్బతినేది. రాత్రి చూపు తగ్గేది. క్లోర్‌ప్రొమజిన్ ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడితే కంటి ముందు పొర మీద, లెన్సు మీద మచ్చలు పేరుకోవచ్చు. ఇవి నెమ్మదిగా వచ్చేవి. ఏడాదికోసారి కళ్లు చూపించుకుంటే ముందే తెలుస్తాయి.

ఒక్కటి మాత్రం ఆగేది కాదు. కొందరికి కంటిలో నీరు బయటికి పోయే దారి ఇరుకుగా ఉంటుంది. వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికి తోడుగా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర గానీ, కొన్ని మనసు మందులు గానీ ఆ దారిని మూసేయొచ్చు. అప్పుడు కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి పుడుతుంది. తలనొప్పి, వాంతులు, మసక చూపు, దీపం చుట్టూ రంగుల వలయాలు. పైత్యం అనుకుని పడుకోబెట్టొద్దు. వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు.

మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొందరికి కనుగుడ్లు పైకి తిరిగి నిలబడిపోతాయి. అది దయ్యం కాదు, చూపూ పోదు. ఆసుపత్రిలో ఇంజెక్షను ఇస్తే తొందరగా తగ్గుతుంది.

ఇదంతా విని రేపే మాత్రలు మాన్పించకండి. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. తగ్గించాలన్నా, మార్చాలన్నా డాక్టరే చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా నీటికాసుల జబ్బు ఉంటే మందు రాసే ముందే ఆయనకు చెప్పండి. మందుల చీటీ కంటి డాక్టరుకు కూడా చూపించండి. అనుమానం ఉంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చివరగా ఒక మనవి. ఇలాంటి అవసరం వస్తే సంఘం మీటింగు రోజు దాకా ఆగకుండా అదే రోజు దారిఖర్చులకు అప్పు ఇచ్చేలా ప్రతి గ్రామ సంఘం తీర్మానం రాసుకోవాలి. కన్నూ నిలవాలి, మనసూ నిలవాలి.