ఉమ్మడి కుటుంబానికి గుమ్మం దగ్గర స్టోరేజీ: కార్పెంటర్‌ని పిలిచే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఈ రోజు మన టాపిక్ గుమ్మం దగ్గర స్టోరేజీ. అమెరికాలో ఉన్న మనవాళ్ళు దీన్ని మడ్‌రూమ్ అంటారు. మంచు బూట్లు, కోట్లు విప్పి పెట్టుకునే చిన్న గది. మనకి ఆ పేరు కొత్తగానీ, పని కొత్త కాదండీ. పాత ఇళ్ళలో అరుగు మీద కూర్చునేవాళ్ళం, కాళ్ళు కడుక్కోవడానికి పక్కనే నీళ్ళ గోలెం, గోడకి చిలక్కొయ్యలు, వాటికి గొడుగు, కండువా. అదే మన మడ్‌రూమ్. జాగాలు చిన్నవై అరుగు పోయింది. చెప్పులు మాత్రం పెరిగాయి.

ఎర్రగడ్డ, మోతీనగర్, బోరబండ వైపు మామూలుగా కనిపించే ఇల్లు తీసుకుందాం. 100 గజాల జాగా, కింద, పైన కలిపి మూడు అంతస్తులు. నాయనమ్మ, తాతయ్య, ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు కోడళ్ళు, ముగ్గురు పిల్లలు. మొత్తం తొమ్మిది మంది. ఇలాంటి ఇంట్లో చెప్పుల స్టాండు ఎక్కడుంటుందో తెలుసా? మెట్ల మీద. ఒక్కో మెట్టుకి రెండు జతలు. ఇది అందం సంగతి కాదండీ. రాత్రి కరెంటు పోయినప్పుడు పెద్దావిడ ఆ మెట్లు దిగాలి. ఆ వయసులో కాలు జారి తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేచి నడవడం ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకే మొదటి రూలు: మెట్ల మీద, గడప ముందు ఒక్క జత కూడా ఉండకూడదు.

రెండోది, స్టాండు ఒకటా, మూడా? దీనికి నేను ఒకటే ప్రశ్న అడుగుతాను. ఇంట్లో పొయ్యి ఒకటా, వేరువేరా? వంట ఒక చోటే అయితే అందరూ ముందు కిందికే వస్తారు, అక్కడే చెప్పులు విప్పుతారు. కాబట్టి కింద ఒకటే పెద్దది కట్టించండి. వంటలు వేరైతే ఎవరి అంతస్తులో వాళ్ళకి చిన్నది. కింద ఎంత పెద్దది కట్టినా, పైన ఉండేవాళ్ళు చెప్పులతోనే పైకి పోతారు. అలవాటుకి ఎదురెళ్ళి కట్టించిన కబోర్డు ఖాళీగా పడి ఉంటుంది.

ఇప్పుడు లెక్క. ఫోటోలు చూసి డిజైన్ ఎంచుకోకండి, ముందు జతలు లెక్కపెట్టండి. అది కూడా రోజూ వేసుకునేవే. పెళ్ళిళ్ళకి వేసుకునేవి డబ్బాల్లో పెట్టి బెడ్‌రూమ్ సజ్జ మీదికి పంపండి. పెద్దవాళ్ళు ఆరుగురికి రెండేసి, 12. పిల్లలకి స్కూలు నల్ల బూట్లు, తెల్ల బూట్లు, చెప్పులు, అంటే మూడేసి, 9. మొత్తం 21 జతలు.

మగవాళ్ళ జత పక్కపక్కన పెడితే 8 నుంచి 9 అంగుళాలు పడుతుంది, పిల్లలది 6. నాలుగు అడుగుల వెడల్పు కబోర్డులో పక్క చెక్కలు, మధ్య చెక్క పోను లోపల 45 అంగుళాలు మిగులుతుంది. అంటే అరకి పెద్దవాళ్ళవి ఐదు జతలు, పిల్లలవి ఏడు. పెద్దవాళ్ళకి మూడు అరలు, పిల్లలకి ఒకటి. మొత్తం 22. మన 21 పట్టేశాయి. అర ఎత్తు 7 అంగుళాలు, లోతు బయటికి 14. కింద నాలుగు అంగుళాల దిమ్మ కలిపితే మొత్తం ఎత్తు 36 అంగుళాలు, నడుము దాకా.

పై అర ఎవరికి? నాయనమ్మ, తాతయ్యలకి. వాళ్ళు వంగకూడదు. అందరికంటే కింది అర పిల్లలకి. చాలా ఇళ్ళల్లో దీన్ని తిప్పి చేస్తారండీ, గమనించండి.

ఆ కబోర్డు పైభాగం హెల్మెట్లకి. బండి నడిపేవాళ్ళకే కాదు, వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ తప్పనిసరి. రెండు బండ్లంటే నాలుగు హెల్మెట్లు. ఒక్కోటి 11 అంగుళాలు అనుకుంటే నాలుగూ సరిపోతాయి. గళ్ళు చేయించొద్దు, ఖాళీగా వదిలేయండి. ఆదివారం రైతుబజార్ నుంచి వచ్చిన కూరగాయల సంచి కూడా ముందు అక్కడే దిగుతుంది కదా.

పక్కన మూడు అడుగుల బల్ల. ఎత్తు 18 అంగుళాలు. ఇక్కడ ఒక మాట బాగా వినండి. బల్ల కింద డ్రాయర్లు వద్దు. కూర్చున్న మనిషి లేవాలంటే పాదాలు వెనక్కి లాక్కోవాలి. కింద అడ్డం ఉంటే పెద్దవాళ్ళు లేవలేరు. పక్క గోడకి పట్టుకోవడానికి ఒక స్టీలు రాడ్డు వేయించండి, చెక్కకి కాదు, గోడకే. బల్ల మీద గోడకి రెండు వరసల కొక్కేలు. స్కూలు బ్యాగులకి 42 అంగుళాల దగ్గర, పిల్లలే తగిలించుకుంటారు. గొడుగులకి, రెయిన్‌కోట్లకి 64 దగ్గర, కింద నీళ్ళు కారడానికి ఒక స్టీలు ట్రే. ఇవి బల్ల ఆ చివర ఉండాలి, తోలు బూట్ల మీద నీళ్ళు పడకూడదు.

జాగా లేదంటారా? నడవడానికి మూడు అడుగులు వదలాల్సిందే. దారి నాలుగు అడుగులే ఉంటే 14 అంగుళాల కబోర్డు పట్టదు. అప్పుడు బూట్లు ఏటవాలుగా నిలబడే రకం పెట్టించండి, ఎనిమిది అంగుళాల లోతులో అయిపోతుంది.

తలుపుల సంగతి. నాలుగు అడుగులకి రెండు తలుపులు పెడితే ఒక్కోటి రెండు అడుగులు ముందుకొచ్చి దారి మూసేస్తుంది. స్లైడింగ్ అయితే ఒకసారి సగమే తెరుచుకుంటుంది, పొద్దున ఎనిమిదింటికి ఇద్దరు ఒకేసారి నిలబడితే గొడవే. అడుగేసి వెడల్పు నాలుగు తలుపులు మంచిది. గాలి ఆడేలా సందులుండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడి బూట్లు మూసిపెడితే బూజు, వాసన. కింది రెండు అరలకి అసలు తలుపులు లేకపోయినా నష్టం లేదు.

ఇక చెక్క. మనం వాకిలి రోజూ నీళ్ళు పోసి కడుగుతాం. అందుకే ప్లైవుడ్ నేలకి ఆనకూడదు. ఇందాక చెప్పిన దిమ్మ ఇటుక, సిమెంటుతో కట్టి, పైన గ్రానైట్ వేయించండి. చెదలకీ అది కొంత అడ్డు. ప్లైవుడ్ మీద ముద్ర చూడండి. ఐఎస్ 710 అంటే నీళ్ళకి తట్టుకునేది. ఐఎస్ 303లో మామూలు ఎంఆర్ రకం ఇంటి లోపలికి సరే, ఇక్కడికి కాదు. రేటు చదరపు అడుగుకి చెప్తారు కదా, ముందువైపు కొలతేనా, లోపలి అరలకీ సన్‌మైకా కలిపేనా అని ముందే కాగితం మీద రాయించుకోండి.

వాస్తు చూసేవాళ్ళు ఈశాన్యంలో చెప్పులు వద్దంటారు. మీ ఇంట్లో ఆ పట్టింపు ఉంటే గోడ ఎంచుకునేటప్పుడే పెద్దవాళ్ళని అడగండి. కట్టాక పీకించడం కంటే అదే చవక.

చివరగా ఒక పని. కార్పెంటర్ రాకముందు ఆ ఏడు అడుగులు నేల మీద సుద్దముక్కతో గీసి, వారం రోజులు చెప్పులన్నీ ఆ గీతల్లోనే పెట్టించండి. ఎవరు ఎక్కడ ఆగుతున్నారో, తలుపుకి ఏది అడ్డం వస్తోందో మీకే తెలుస్తుంది. చెరిపి గీసుకోవడానికి పైసా ఖర్చు లేదు. మీ ఇంట్లో ఎన్ని జతలు తేలాయో కామెంట్‌లో రాయండి.