జిల్లేడు: మందును, విషమును

(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగపాఠము)



ఏటేట ఈ సభలో పరీక్షా ఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు మీకు మనవి చేయుట నాకు వాడుక. ఈ యేడు ఆ సంగతులను నివేదికలో చదువుకొనవలసినదిగా కోరి, మనమందరము ప్రతిదినము చూచుచు కూడ గమనింపని ఒక మొక్కను గూర్చి మాటలాడదలచితిని. అది జిల్లేడు.

చంద్రపురములో జిల్లేడు లేని బాట లేదు. రైలుపట్టాల ప్రక్కను, బీడు నేలలలోను, ఇండ్ల వెనుకను అది తనంతట తానే పెరుగును. మన వైపు ఎక్కువగా కనబడునది పెద్దజిల్లేడు. దాని తోబుట్టువు వంటి మరియొక జాతి రాజస్థానపు ఇసుకనేలలు మొదలు అరేబియా, ఆఫ్రికా ఎడారుల వరకు వ్యాపించియున్నది. నీరు లేనిచోట పచ్చగా నిలుచు ఈ మొక్కను పశువులు సామాన్యముగా ముట్టవు. ఆకు త్రుంచినంతనే కారు తెల్లని పాలే దానికి కావలి.

కొన్ని యేండ్ల క్రిందటి మాట చెప్పెదను. రథసప్తమికి ముందునాడు పండుగ విశేషమును బోధించుచు, ఏడేసి జిల్లేడాకులు తెచ్చి చూపుడని అయిదవ తరగతి పిల్లలతో నేనే చెప్పితిని. ఒక బాలుడు ఆకులు త్రుంచి, పాలంటిన చేతితో కన్ను నులుముకొనెను. కొంచెము మండి, కొంతసేపటికి తగ్గినది. తగ్గినది గదా యని వాడు ఎవరికిని చెప్పలేదు. మరునాటి ఉదయము ఆ కంటికి అంతయు పొగమంచువలె కనబడినది. ఇంటివారు తెలియక ఆముదపు చుక్క వేసిరి. తరువాత తండ్రి వానిని వెంటబెట్టుకొని నా యొద్దకు వచ్చెను. ముగ్గురమును కంటి వైద్యుని యొద్దకు పోతిమి.

కంటిలో ఏమి పడినదని వైద్యుడు మరాఠీలో అడిగెను. “జిల్లేడు పాలు” అని తండ్రి తెలుగులో చెప్పి, పిదప హిందీలో “దూధ్” అనెను. ఆవుపాలు కాబోలునని వైద్యుడు తలచెను. అప్పుడు నేను “రుయీచా చీక్” అంటిని. ఆ మాట వినగానే ఆయన లేచి, బాలుని కన్ను శుభ్రముగా కడిగించి, పరీక్షించి చికిత్స ఆరంభించెను. చూపు తేటపడుటకు కొన్ని వారములు పట్టినది. చూపు తిరిగి రాకున్నయెడల ఆ తప్పు నాదే అయియుండెడిది. అందుచేతనే ఈనాడు ఈ విషయమును ఎత్తుకొంటిని.

కంటి ముందుభాగమున అద్దమువంటి పొర యొకటి కలదు. దానిని కార్నియా యందురు. దాని లోపలి కణములను జిల్లేడుపాలు దెబ్బతీయును. అప్పుడు ఆ పొర ఉబ్బి, మసకబారును. నొప్పి అంతగా లేకపోవుటయే ఇందులోని మోసము. నశించిన ఆ కణములు మరల పుట్టవు.

అట్లని జిల్లేడు మందు కాదని నేననను. ఆకునకు ఆముదము రాసి, వెచ్చజేసి కీళ్లవాపునకు కట్టుట, ముల్లు దిగిన కాలికి పాలచుక్క వేయుట మన పెద్దలు ఎరిగినవే. ఎలుకలపై జరిగిన ప్రయోగములలో దీని పాలకు వాపును తగ్గించు గుణము కనబడినది. అయినను మనుష్యులకు ఇంత మోతాదు క్షేమకరమని చెప్పుటకు అది చాలదు. ఈ మొక్కలో కాలోట్రోపిన్ వంటి విషములు గుండెమీద పనిచేయును.

మన ప్రాచీన వైద్యులు ఈ సంగతి ఎరుగనివారు కారు. వారు జిల్లేడుపాలను ఉపవిషములలో చేర్చిరి. శుద్ధి చేయనిదే లోనికి ఇయ్యరాదనిరి. 1945 నాటి ఔషధ నియమావళిలోని విషద్రవ్యముల పట్టికలోను “అర్క” అను పేరు కలదు. అట్టి ద్రవ్యముతో చేసి లోనికి ఇచ్చు మందు సీసాపై, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనను హెచ్చరిక ఉండవలెను. మనము పెద్దల మందును జ్ఞాపకముంచుకొని, దానితోపాటు వారు చెప్పిన జాగ్రత్తను మరచితిమి.

ఇది మన దేశపు మాట మాత్రమే కాదు. అమెరికా నైరృతి ఎడారులలో క్రియోసోట్ అను పొద కలదు. అచ్చటి ఆదివాసులు దాని ఆకుల కషాయమును జలుబునకును, పుండ్లు కడుగుటకును వాడెడివారు. తరువాతి కాలమున వర్తకులు దానిని మాత్రలుగా చేసి అమ్మిరి. వాడినవారిలో కొందరికి కాలేయము చెడినందున 1992లో అచ్చటి ప్రభుత్వ శాఖ ప్రజలను హెచ్చరించినది. చెట్టు మందు గనుక హాని చేయదనుకొనుట ఎక్కడనైనను పొరపాటే.

కావున మీకు నా మనవి ఇది. రథసప్తమికి గాని, శనివారము మారుతి మాలకు గాని ఆకులను పెద్దలే కోయవలెను. పాలు కారుట ఆగిన పిదప ఆకులను కడిగి, చేతులను సబ్బుతో శుభ్రపరచుకొని, అప్పుడే పిల్లలకు ఇయ్యవలెను. పాలు కంటిలో పడినచో నులుమక, ధారగా పోయు మంచినీటితో పావుగంటకు తక్కువ కాకుండ కడుగవలెను. నూనె, నేయి, చనుబాలు వేయరాదు. మంట తగ్గినను ఆనాడే కంటి వైద్యునికి చూపవలెను. పొరపాటున మింగినచో వాంతి చేయింపక, ఒక ఆకును వెంట తీసికొని ఆసుపత్రికి పోవలెను. గర్భిణులకును, పసిపిల్లలకును ఇంటిలో ఈ మందు ఎంతమాత్రము వాడరాదు. పుప్పిపంటికి దీని పాలు పెట్టుటయు మానవలెను.

ఇంకొక మాట. తెలుగున జిల్లేడు, సంస్కృతమున అర్కము, మరాఠీలో రుయీ, హిందీలో ఆక్ లేక మదార్. ఈ పేర్లను మీ పిల్లలచేత ఒక కాగితముపై వ్రాయించి ఇంటిలో గోడకు అంటింపుడు. ఉమ్మెత్తకును, గన్నేరుకును అట్లే చేయింపుడు. మన పిల్లలు తెలుగున చదువుట మనకు గర్వకారణము. అయితే ఈ ఊరిలో వైద్యుడు అడుగు ప్రశ్న మరాఠీలో ఉండును. ఆ సమయమున తెలుగు పేరొక్కటే తెలిసియుండుట చాలదు. పొరుగు భాషలోని పేరును నేర్చుకొనుటచేత మన భాషకు లోటు రాదు.

ఆనాటి బాలుడు నేడు పెద్దవాడై, ఆ కంటితోనే చక్కగా చదువుకొనుచున్నాడు. మరే బిడ్డకును అట్టి ఉదయము రాకుండుగాక.