ఉమ్మడి అంచు

ఈ సభలో ఇంజనీరింగ్ పట్టాలు అందుకుంటున్న విద్యార్థులలో పలువురు వంతెనలను, విమానపు రెక్కలను పరిమిత మూలకాల పద్ధతిలో, అంటే నిర్మాణాన్ని చిన్న చిన్న మూలకాలుగా విభజించి వాటి సమీకరణాలను కూర్చి పరిష్కరించే పద్ధతిలో విశ్లేషించబోతున్నారు కనుక, ఆ పనిలో అల్పంగా తోచే ఒక అంశాన్ని ఇక్కడ ప్రస్తావించక తప్పదు.

1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ త్రిభుజాకార మూలకాలతో విమాన నిర్మాణాల దృఢత్వాన్ని లెక్కగట్టారు. 1960లో క్లఫ్ ఈ పద్ధతికి నేటి పేరు పెట్టారు. అప్పటికీ ఇప్పటికీ పక్కపక్క మూలకాలు నోడ్లను, అంటే స్థానభ్రంశాన్ని లెక్కించే బిందువులను, ఉమ్మడిగా పంచుకోవడమే దీనికి ఆధారం. క్యాడ్‌లో గీసిన రెండు తలాలు తెరపై ఒకే అంచు వద్ద కలిసినట్లు కనిపించినా, సాఫ్ట్‌వేర్ లెక్కలో అవి రెండు వేర్వేరు అంచులు కావచ్చు. అప్పుడు ప్రతి తలానికీ మెష్, అంటే మూలకాల వల, విడిగా ఏర్పడి, భారం ఒక పలక నుంచి మరొక పలకకు చేరదు. అందువల్ల మెష్ వేయకముందే ఆ రెండు అంచులను ఒకే అంచుగా కలపాలి. పలక నడుమ స్టిఫ్‌నర్, అంటే పలకను బలపరిచే పట్టీ, వచ్చి ఆనినచోట, ఆ రెండూ తాకే రేఖను పలకపై ముద్రించి, పలకను ఆ రేఖ వెంట విభజించాలి.

ఆధారాలేవీ లేని త్రిమితీయ నిర్మాణానికి రూపం మారకుండా సాగే కదలికలు ఆరే ఉంటాయి కనుక, సహజ పౌనఃపున్యాల గణనలో ఆరు సున్నాలకు బదులు పన్నెండు వస్తే నిర్మాణం రెండుగా విడిపోయి ఉందని అనుమానించాలి. రంగురంగుల ఒత్తిడి చిత్రం ఎంత నునుపుగా ఉన్నా ఈ సంగతి ఇంత స్పష్టంగా చెప్పదు. అలాగని నోడ్లను కలిపే టాలరెన్స్‌ను, అంటే ఎంత దూరంలోని నోడ్లను ఒకటిగా లెక్కించాలో చెప్పే పరిమితిని, విచ్చలవిడిగా పెంచితే మూలకాలు నలిగిపోతాయి, నిజమైన పగుళ్లు సైతం మూసుకుపోతాయి.

1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్ ఎ చమురు వేదిక కాంక్రీటు పునాది మునిగిపోయింది. ఆ పునాదిలోని గదుల గోడలు కలిసే చోట షియర్ ఒత్తిడిని విశ్లేషణ 47 శాతం తక్కువగా చూపింది. అక్కడి ఉక్కు కడ్డీల అమరిక కూడా చాలలేదు. విశ్లేషణలోని దోషం తెగిన అంచుది కాదు, సరైన ఆకారం లేని ముతక మూలకాలది. అయినా భాగాలు కలిసే చోటే విశ్లేషకుడి శ్రద్ధ అత్యధికంగా ఉండాలనడానికి అంతకుమించిన నిదర్శనం అరుదు.

ఫలితంపై సంతకం చేసే ముందు, ఒకే ఒక్క మూలకానికి చెందిన స్వేచ్ఛా అంచులను తెరపై చూపించుకుని, వాటిలో నిర్మాణపు అసలు అంచులు తప్ప మరేవీ లేవని ప్రతి పట్టభద్రుడూ, ప్రతి పట్టభద్రురాలూ స్వయంగా సరిచూసుకోవాలని ఈ సభ కోరుతున్నది.