మూత్రంలో రక్తం పడితే ‘వేడి చేసింది’ అని వదిలేయకండి

ఈ ఎపిసోడ్‌లో కిడ్నీ క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం. మనం చేసే పనికీ, ఈ జబ్బుకీ లింకు ఉందా? కొన్ని పనుల్లో ఉంది.

గ్యారేజీల్లో, మెషిన్ షాపుల్లో ఇనుప పార్టులకు పట్టిన గ్రీజు వదలగొట్టడానికి వాడే కెమికల్స్‌లో ఒకటి ట్రైక్లోరోఇథిలీన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందుండే క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది. దానికి ముఖ్య ఆధారం కిడ్నీ క్యాన్సరే. ఫ్రాన్స్‌లో స్క్రూల తయారీకి పేరున్న ఆర్వ్ లోయలో పరిశోధన చేస్తే, ఈ కెమికల్‌తో ఎక్కువగా పనిచేసినవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది.

ఇది ఊపిరితోనూ, చర్మం గుండానూ ఒంట్లోకి పోతుంది. దీని ఆవిరి గాలికంటే బరువు. అందుకే గుంతల్లో, ట్యాంకుల్లో అడుగున నిలుస్తుంది. డబ్బా మీద గానీ, సేఫ్టీ షీట్‌లో గానీ 79-01-6 అనే నంబరు ఉంటే అదే ఇది. దాంతో చేతులు కడుక్కోవద్దు. గాలి ఆడనిచోట వాడొద్దు.

ఇక తీవ్రత సంగతి. జబ్బు కిడ్నీ దాటకముందే దొరికితే, అమెరికా లెక్కల ప్రకారం పదిమందిలో తొమ్మిదిమంది 5 ఏళ్ల తర్వాత కూడా బతికే ఉంటున్నారు. ఊపిరితిత్తులకో, ఎముకలకో పాకాక దొరికితే ఇద్దరు కూడా కష్టమే.

మనవాళ్లకు ఆలస్యం అయ్యేది ఇక్కడే. మూత్రం ఎర్రగా వస్తే వేడి అనుకుని బార్లీ నీళ్లు తాగి డ్యూటీకి పోతారు. సెలవు పెడితే జీతం కోత, పైగా ఫోర్‌మన్ మాటలు. రెండ్రోజుల్లో రక్తం ఆగిపోతుంది, నొప్పి కూడా ఉండదు. ఆగింది కదా అని తగ్గినట్టు కాదు. అది రాళ్ల వల్ల కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. చూపించుకుంటేనే తెలుస్తుంది. వీసా మెడికల్‌లో ‘ఫిట్’ వచ్చిందంటే కిడ్నీలు స్కాన్ చేశారని కాదు.

క్లినిక్‌కు పోతే ఏం పని చేస్తున్నారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో డాక్టరుకు చెప్పండి. మూత్ర పరీక్ష, కడుపు స్కానింగ్ అవసరమా అని అడగండి. రిపోర్టులు ఫోన్‌లో ఫోటో తీసి దాచుకోండి, ఊరికెళ్లినా పనికొస్తాయి. సిగరెట్, బీపీ కూడా ఈ ముప్పును పెంచేవే, వాటినీ చూసుకోండి.

రూమ్‌లో ఎవరైనా ఇలా ఉందని చెబితే నవ్వి ఊరుకోకండి. తోడు వెళ్లండి. మళ్లీ కలుద్దాం.