నమూనా పడవలు – లోహపు వన్నె

వింజమూరు మెట్టసీమ. సముద్రము మనకు దూరము. అయినను ఉదయగిరి కొయ్యగరిటెల పనితనము మన చెంతనే ఉన్నది. నర్దికర్రతో గరిటె చెక్కగల చేతికి చిన్నపడవ ఒడలు చెక్కుట కష్టము కాదు. కష్టమంతయు లంగరు, గొలుసు, మేకులు, చుక్కాని బందులు మున్నగు లోహభాగములకడ వచ్చును. కొత్త ఇత్తడి తళతళలాడు పడవ ఆటవస్తువుగ కనిపించును. ఒళ్ళంతయు తుప్పు పులిమిన పడవ ఒడ్డున పారవేసినదిగ కనిపించును. రెండును పనిచేయు పడవను పోలవు.

ఈ పోలికకు ఇంత పట్టుదల ఏల? మన జిల్లా తీరము వెంబడి బకింగ్‌హాము కాలువ ఉన్నది. 1877–78 కరవుపనులలో పెరిగి, 1878లో అప్పటి మద్రాసు గవర్నరు పేరు పొందిన ఈ కాలువ పెదగంజాము నుండి మరక్కాణము వరకు సాగును. ఉప్పును, వంటచెరకును, ధాన్యమును మోసిన పడవలు దానిపై తిరిగెడివి. రోడ్లు, రైళ్ళు ఆ సరకును లాగుకొన్నవి. 1965, 1966 తుపానులు కాలువను దెబ్బతీసినవి. ఆ రవాణా అంతరించినది. ఇక మన పిల్లలకు ఆ పడవను చూపగలిగినది నమూనాయే. దానిపై తప్పు మరక పెట్టినచో తప్పు చరిత్ర చెప్పినట్లే. తీరమున అలలను దాటుటకు వాడిన మసూలా పడవ పలకలను కొబ్బరినారతో కుట్టెడివారు. మేకులు కొట్టెడివారు కారు. దానికి మేకుల తుప్పు ఎంత నేర్పుగ దిద్దినను అది అబద్ధమే.

మరక ఎచ్చట ఉండవలెనో మన ఇంటి వస్తువులే చెప్పును. రోకలి పొన్ను చూడుడు: దంచు అంచు మెరయును, పైభాగము నల్లబడును. తలుపు గొళ్ళెమున చేయి తగులు చోటు నునుపు, మూలలు మైల. వాడుక మెరుగు పెట్టును. తడి నిలిచినచోట తుప్పు చేరును. పడవకును ఇదే న్యాయము. గొలుసు ఒరయు చోటు తెల్లగ, కడియము లోపలి వంపు నల్లగ ఉండవలెను. మేకు తలనుండి తుప్పుచార క్రిందికే దిగవలెను గాని చుట్టును వ్యాపింపరాదు.

ఇక పని విధానము. ఇత్తడి భాగమును మొదట చింతపండు, ఉప్పుతో తోమి, నీట కడిగి, పూర్తిగ ఆరబెట్టవలెను. పిదప వ్రేలు తగులరాదు; చేతి జిడ్డు ఉన్నచోట రంగు అంటదు. టంకము అతికినచోట ఆకుపచ్చ చిలుము పట్టదు గనుక అదనపు టంకమును ఆకురాతితో తీయవలెను. రాగి, ఇత్తడి వస్తువుపై ఉప్పునీరు చిలికి, మూతగల డబ్బాలో సిర్కా ఆవిరి తగులునట్లు ఉంచినచో చిలుము పట్టును. అయితే నమూనాలో ఇత్తడితో చేసిన లంగరు నిజముగ ఇనుపది. దానికి చిలుము తగదు. నల్లరంగు వేసి తుప్పుపొడి అద్దవలెను. పాత గునపముపై గీకిన తుప్పును మెత్తగ నూరి, పలుచని లక్కవార్నీషుతో అద్దిన చాలును. పడవను 50 పాళ్ళు చిన్నది చేసితిమేని తుప్పు పెళ్ళ కూడ అంత చిన్నది కావలెను. పొడి నలగనిచో పెద్ద గడ్డలుగ కనిపించును. ఇనుపతీగ వాడువారు జింకుపూత లేనిదానిని ఎంచి, ఉప్పునీట ముంచి ఆరవేసి, పిదప వేడినీట కడిగి ఎండబెట్టవలెను. ఉప్పు మిగిలినచో తుప్పు ఆగదు.

రెండు లోహములు ఉప్పునీట కలిసినపుడు ఒకటి త్వరగ చెడును. 1761లో బ్రిటిషు నౌక అలారమ్ అడుగునకు రాగిరేకు తొడిగిరి. కొన్నాళ్ళకు దాని ఇనుపమేకులు తినిపోయినవి. అట్టి ఓడకు నమూనా చేయువారు రాగి ప్రక్కన ఉన్న ఇనుమును ఎక్కువ శిథిలముగ చూపవలెను.

చివరకు, ఆ ఓడ ఏనాటిదో మొదటనే నిశ్చయింపవలెను. 1948 మార్చి 14న విశాఖపట్నమున నెహ్రూ నీటికి విడిచిన జలఉషకు ఆనాటి రూపు తీర్చినచో తుప్పుచుక్క ఉండరాదు. పదియేండ్లు సముద్రయానము చేసిన రూపుకు తుప్పు వలయును. కాలువ పడవకైనచో, దానిని నడిపిన వృద్ధులు తీరగ్రామములలో ఉండగనే వెళ్ళి, గొలుసు ఎచ్చట ఒరసెడిదో, నీరు ఎచ్చట నిలిచెడిదో అడిగి తెలిసికొందము. కుంచె పట్టుట ఆ తరువాతి పని.