జెండాలు రెండు, గ్యాలరీ ఒకటి



పాస్టరుగారికి ఫుట్‌బాల్ సంగతి ఎందుకని కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి. మేమూ ఈ బేతమంగళ చెరువు గాలి పీల్చి పెరిగినవాళ్లమే. మన చెరువు నీళ్లు తాగిన కేజీఎఫ్ గని కాలనీల్లో బంతి పిచ్చి ఎంతో మీ తాతలను అడగండి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. పని పోయింది, ఆట పోలేదు. తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కే మన పిల్లలు ఇప్పుడు కంఠీరవ స్టేడియం దారి కూడా నేర్చుకున్నారు.

అభిమాన సంఘం అంటే మనకు హీరో కటౌట్, పాలాభిషేకం గుర్తొస్తాయి. కంఠీరవలో వెస్ట్ బ్లాక్ బ్లూస్‌ను చూసినవాళ్లకు ఇంకో రకం తెలుసు. బెంగళూరు ఎఫ్‌సీ పుట్టిన 2013 నుంచీ ఉన్న గుంపు అది. ఓడినా గెలిచినా నిలబడి పాడుతుంది. కేరళ బ్లాస్టర్స్ వాళ్ల మంజప్పడ వస్తే రెండు వైపులా గొంతులు పోతాయి. పోనివ్వండి, పోటీ లేని ఆట ఉప్పు లేని ముద్ద.

అయితే పోటీ పగ అయితే ఏమవుతుంది? 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడుతుండగా గ్యాలరీలో గొడవ రేగి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆట చూడడానికి వెళ్లిన బిడ్డలు ఇంటికి రాలేదు.

అదే ఊరు, అవే రెండు జట్లు. 2024 ఆగస్టులో ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలిని అత్యాచారం చేసి చంపారు. ఆగస్టు 18న జరగవలసిన డ్యూరాండ్ కప్ డెర్బీని భద్రత పేరుతో రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియం దగ్గరికి వచ్చారు. ఎరుపు పసుపు జెండా, ఆకుపచ్చ మెరూన్ జెండా పక్కపక్కనే లేచాయి, మహమ్మడన్ స్పోర్టింగ్ వాళ్లూ కలిశారు. ఆ అమ్మాయికి న్యాయం కావాలని అడిగారు. లాఠీలు పడ్డాయి. లాఠీ ఎవరి జెర్సీ ఏ రంగో చూడదు కదా!

ఆ రోజు వాళ్లెవరూ తమ జట్టును వదులుకోలేదు. మేము మీకు చెప్పదలచింది ఇదే.

ఇంగ్లండులో లివర్‌పూల్, ఎవర్టన్ అభిమానులు 2015 నుంచి మ్యాచ్ రోజున కలిసి పేదల కోసం ఆహారం పోగుచేస్తున్నారు. ఎవర్టన్ 1878లో ఒక మెథడిస్టు చర్చి కుర్రాళ్లు పెట్టుకున్న జట్టు అని ఎంతమందికి తెలుసు? మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. 2025లో యజమానులు క్లబ్బును ఢిల్లీకి తీసుకుపోయారు. అభిమానులకు ఏడవడమే మిగిలింది. విడివిడిగా అరిచే గొంతు యజమాని గది దాకా వెళ్లదు.

ఇక మన సంగతి. పోయినేడు చెరువు పక్క మైదానంలో రెండు పేటల మధ్య మ్యాచ్ జరిగింది. గోల్ మీద తగువు కులం పేరెత్తి తిట్టుకునేదాకా పోయింది. ఒక పిల్లవాడి చెయ్యి విరిగింది. తరువాతి ఆదివారం ఆరాధనలోనూ రెండు పేటలవాళ్లు రెండు వరుసల్లో కూర్చున్నారు. ఆ రోజు మేమూ మా పేటవాళ్ల తరఫునే మాట్లాడాం. అది మా తప్పు. కొరింథు సంఘంలో నేను ఫలానావాడి మనిషినంటూ చీలినవాళ్ల మీద ఎన్ని ప్రసంగాలు చేశామో, మా మైదానం వచ్చేసరికి అన్నీ మరిచిపోయాం.

ఈసారి రెండు పేటల అభిమానుల నుంచి ఇద్దరిద్దరు చొప్పున ఒక కమిటీ ఉండాలి. అందులో ఆడపిల్లలూ ఉండాలి. వాళ్లు మైదానానికి రాలేకపోవడానికి కారణం ఎండ కాదు, మన నోళ్లు. ఎవడైనా కులం ఎత్తినా, అమ్మను ఎత్తినా, అవతలివాళ్లు కాదు, వాడి పేటవాళ్లే తమ జెండా దించాలి. అరవండి, పాడండి, తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి కొత్త పాటలు కట్టండి. మంచినీళ్లు, కట్టుకట్టే సామాను, ఒక ఆటో ఖర్చు రెండు పేటలూ పంచుకోవాలి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక చెరువు కట్ట మీద కలుద్దాం. పై పేటవాళ్లు డప్పులు తెస్తామన్నారు. చెయ్యి విరిగిన ఆ పిల్లవాడు కమిటీలో ఉంటానన్నాడు. అతణ్ణి కొట్టినవాడి ఇంటికి ఈ సాయంత్రం మేము వెళ్తున్నాం, మాతో ఎవరొస్తారు?